పడమటికి జరిగిన దండెం

ఈ దేశం ఎలా పెరిగి పెద్దదయిందో నాకు నా మనవరాలు చెప్పింది. వంట చేస్తూ విన్నాను కనక సగం పోపు చిటపటల్లో పోయింది. మిగిలిన సగం ఇప్పటికీ గుర్తుంది. అది ఎనభైల మొదట్లో మాట. ఆ పిల్ల అప్పుడు అయిదో తరగతి. నేను చదివింది మూడో తరగతి. అంటే మా ఇద్దరిలో పెద్ద చదువు దానిదే. అందుకని అది కుర్చీలో కూర్చుని చెప్పేది, నేను పొయ్యి దగ్గర నిలబడి వినేదాన్ని.

దాని పుస్తకంలో ఆ పాఠం మూడు ముక్కలు. మొదట దేశం విస్తరించడం, తర్వాత కొత్త కొత్త మిషన్లు కనిపెట్టడం, ఆ తర్వాత సంఘసంస్కరణ. మొదట్లో ఈ దేశం తూర్పు సముద్రం ఒడ్డున చీర కొంగంత ఉండేదట. తర్వాత కుచ్చిళ్ళు విప్పినట్టు పడమటికి విప్పుకుంటూ పోయి ఇంకో సముద్రం దగ్గర ఆగిందట. ఆగింది కూడా బుద్ధి తెచ్చుకుని కాదు, నేల అయిపోయి.

బొమ్మలో గుడ్డ కప్పిన బండ్లు బారుగా పోతున్నాయి.

"ఇవి మన గూడుబండ్లేనే" అన్నాను.

"నో అమ్మమ్మా, ఇవి పయనీర్స్‌వి."

"ఎవరివైతేనేం, బండి మనదే. నేను కాపరానికి వచ్చింది అందులోనే. దారి పొడుగునా నడుం విరిగింది. వీళ్ళు అందులో కూర్చుని దేశమంతా దాటారంటే వాళ్ళ నడుములకి దణ్ణం పెట్టాలి."

మధ్యలో ఉన్న పెద్ద నేలనంతా ఎవరో దొర సముద్రం అవతల కూర్చుని అమ్మాడట, వీళ్ళు కొన్నారట. ఆ నేల మీద అప్పటికే కాపరాలు చేస్తున్నవాళ్ళని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదట.

"మరి రిజిస్ట్రీ ఎవరు చేశారే?"

"ఐ డోంట్ నో. అది టెస్ట్‌లో ఉండదు" అంది.

సరే, దేశం సంగతి అలా ఉంచి మా ఇంటి సంగతికి వస్తాను. మా అమ్మాయి వాళ్ళది జెర్సీ సిటీకి కాస్త లోపల, ఒకదానికొకటి అంటుకుని వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి. నేను రావడానికి కారణం దాని ఉద్యోగం. మన దగ్గర చదివిన చదువు ఇక్కడ చెల్లదంటే మళ్ళీ పుస్తకాలు పట్టుకుని, పిల్లని చంకన వేసుకుని చదివి, చివరికి ఒక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం సంపాదించింది. మధ్యాహ్నం వెళ్ళి రాత్రికి రావాలి. అల్లుడు పొద్దున్నే రైలెక్కి న్యూయార్కు పోతే చీకటిపడ్డాక వస్తాడు. బడి నించి వచ్చిన పిల్లకి తలుపు తీసి ఇంత అన్నం పెట్టే మనిషి కావాలి. ఆ మనిషిని నేను. నేను ఉన్నన్నాళ్ళూ మా అమ్మాయికి ఉద్యోగం ఉంటుంది. నేను విమానం ఎక్కిన రోజున అది ఇంట్లో కూర్చుంటుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఇంట్లో అందరికీ తెలుసు.

నాకు మడి ఉంది. మడి అంటే తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కనక చెబుతాను. ఉతికి ఆరేసిన చీరని ఎవరూ ముట్టుకోకుండా తీసి, స్నానం చేసి కట్టుకుని, వంటా పూజా అయ్యేదాకా ఎవరినీ తగలకుండా ఉండటం. ఊళ్ళో మా ఇంట్లో అందుకు ఎత్తుమీద వేరే దండెం ఉండేది, ఆరేయడానికీ తీయడానికీ కర్ర ఉండేది. చిన్నప్పటినించీ అలవాటు. ఊపిరి పీల్చుకోవడం ఎలా అలవాటో అలాగ.

వచ్చిన కొత్తలో మా అమ్మాయి బట్టలు ఆరబెట్టే మిషను గర్వంగా చూపించింది. నేను వద్దంటున్నా నా నేతచీర అందులో పడేసింది. కాసేపటికి బయటికి వచ్చింది చీర కాదు, మోకు. విప్పి చూస్తే కొంగులో అల్లుడి సాక్సు ఒకటి భద్రంగా ఉంది, ముడివేసి దాచుకున్న అక్షింతల్లాగా.

"ఇంకెప్పుడూ నా చీర ఇందులో వేయకు" అన్నాను. "కరెంటు పెట్టి ఎండని తయారుచేసే ఇల్లు ఇదే చూశాను. బయట ఊరికే కాస్తోంది కదా."

ఊరికే కాస్తోంది అన్నానే కానీ అప్పటికి చలికాలం పోలేదు. ఇంటి వెనక డెక్కు అని ఒక చెక్క అరుగు ఉంది. దాని కమ్మీ మీద చీర ఆరేశాను. సాయంత్రానికి చీర గడ్డకట్టి అప్పడంలా నిలబడింది. తలుపుచెక్కలా చంకన పెట్టుకుని లోపలికి తెచ్చి గోడకి ఆనించాను. స్నానాలగదిలో ఆరేసుకోమన్నారు. ఇక్కడ స్నానాలగదీ, ఇంకొక గదీ, రెండూ ఒకటే. అందులో మడిచీర ఆరేయమని చెప్పడానికి వాళ్ళకి నోరు ఎలా వచ్చిందో.

ఎండలు మొదలయ్యాక తాడు సంపాదించాను. ఒక కొస డెక్కు స్తంభానికి కట్టాను. రెండో కొస కట్టడానికి మా గడ్డిలో ఏమీ లేదు. మా గడ్డి చాపంత. అది అయ్యాక పక్కావిడ గడ్డి. మధ్యలో గోడ లేదు, కంచె లేదు. ఆవిడ గడ్డిలో మాత్రం మంచి మేపుల్ చెట్టు ఉంది. అది మాకు పడమటి వైపు. నేను తాడు పట్టుకుని పడమటికి నడిచాను. మనవరాలు వెనకాలే వచ్చింది.

"అమ్మమ్మా, అది మన ట్రీ కాదు."

"నేనేమన్నా కాయలు కోస్తున్నానా?"

"బట్ అది వాళ్ళ ల్యాండ్."

"అక్కడ ఎవరూ లేరుగా."

"వాళ్ళు కూడా అదే అన్నారు."

"ఎవరు?"

"బండ్లవాళ్ళు. వెస్ట్‌కి వెళ్ళారు కదా, వాళ్ళు. అక్కడ ఎవరూ లేరు అన్నారు. కానీ ఉన్నారు."

నేను ముడి బిగించాను. బిగిస్తూ ఉండగా పక్కింటి కిటికీ తెర కదిలింది. ఉన్నారు.

ఆవిడ పొడుగాటి మనిషి, నల్లజాతి ఆవిడ. నా రంగుకీ ఆవిడ రంగుకీ పెద్ద తేడా ఏమీ లేదు, నేనూ ఎండలో ఆరినదాన్నే. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిందని అల్లుడు చెప్పాడు. ఒక్కతే ఉంటుంది. ఆ రోజు నించి నేను చీర ఆరేసినప్పుడల్లా ఆ తెర కొంచెం పక్కకి జరిగేది. నేను చూడనట్టు ముఖం తిప్పుకునేదాన్ని. చెట్టు ఆవిడదే కనక అడగడానికి వస్తుందేమో, వస్తే ఏం చెప్పాలో అని ఇంగ్లీషులో మాట కూడా ఒకటి సిద్ధం చేసుకున్నాను. "సారీ." అదొక్కటే. ఆవిడ రాలేదు, నా మాట అలాగే ఉండిపోయింది.

విస్తరణ అయింది, ఇక మిషన్లు. తడిచీర బరువుకి తాడు వంగి, చీర కుచ్చిళ్ళ వైపు గడ్డిని రాసుకునేది. ఆ గడ్డిలోనే వీధిలో వాళ్ళ కుక్కలు షికారుకి వస్తాయి. ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర అల్లుడితో చెప్పాను. అతను వంతెనలకి లెక్కలు వేసే ఇంజనీరు. వంతెన అడిగేవాళ్ళు ఆఫీసులో రోజూ ఉంటారు కానీ ఇంట్లో ఎవరూ ఏదీ అడగరు పాపం. మొహం వెలిగిపోయింది.

"అత్తయ్యగారూ, మీ చీర తడిస్తే ఎంత బరువు ఉంటుంది?"

"నేను మోయగలిగినంత."

"అలా కాదండీ, కేజీల్లో."

"నేను కేజీలు మొయ్యను, చీర మోస్తాను."

శనివారం పొద్దుటినించీ ఆ పనిలోనే ఉన్నాడు. తడిచీరని బకెట్లో పెట్టి మనుషులు బరువు చూసుకునే బల్ల మీద తూచాడు. కాగితం మీద బొమ్మ గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. బజారుకి వెళ్ళి రెండు గిలకలు తెచ్చాడు. ఒకటి డెక్కు స్తంభం చిటారుకి కొట్టాడు. రెండోదానికి పక్కావిడ చెట్టు ఎక్కాడు. మేం ఇంటిల్లిపాదీ ఆ చెట్టుని అడక్కుండా వాడుకోవడంలో సమానులమే. సాయంత్రానికి తయారయింది, నూతి గిలకని పడుకోబెట్టినట్టు. నేను డెక్కు మీదే నిలబడి చీర అంచు తగిలించి తాడు లాగితే చీర తనంతట తనే ఆకాశంలోంచి చెట్టు దాకా పోతుంది. ఇటు లాగితే తిరిగి వస్తుంది. కర్రతో పని లేదు, ఎవరూ తగిలే ప్రసక్తి లేదు. మా అమ్మమ్మ చూసి ఉంటే అతనికి హారతి ఇచ్చేది.

"ఎలా ఉందండీ?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

"కిర్రుమంటోంది. నూనె వెయ్యండి" అన్నాను. అల్లుళ్ళని మరీ మెచ్చుకుంటే మళ్ళీ శనివారం దొరకరు.

మనవరాలి పుస్తకంలో కరెంటు దీపం, టెలిఫోను, కోతమిషను, రైలు, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఇన్ని కనిపెట్టినవాళ్ళకి స్నానాలగది వేరేగా కట్టాలని ఎందుకు తట్టలేదో ఎక్కడా రాయలేదు.

అయితే ఏ మిషను వచ్చినా దాని వెనకే ఒక గొడవ వస్తుంది కదా. ఇదివరకు నా చీర గడ్డి మీద పాకేది కనక ఎవరికీ కనపడేది కాదు. ఇప్పుడు ఇంటి కప్పు ఎత్తున, ఎర్రచీర పసుపు అంచుతో, గాలికి రెపరెపలాడుతూ వీధి చివరిదాకా కనపడుతోంది. కొత్త దేశం ఏదో వెలసి జెండా ఎగరేసినట్టుంది. కొన్నాళ్ళకి ఇళ్ళ సంఘం నించి కాగితం వచ్చింది. ఆరుబయట బట్టలు ఆరేయడం ఇక్కడి నియమాలకి విరుద్ధం, దండెం తీసేయండి, అభ్యంతరం ఉంటే వచ్చే మీటింగులో చెప్పుకోండి అని. ఈ వీధిలో ఎవరూ బట్టలు ఉతుక్కోరని దారిన పోయేవాళ్ళు అనుకోవాలి కాబోలు.

ఫిర్యాదు ఎవరు చేసి ఉంటారా అని నేను ఆలోచించలేదు. తెర కదలడం నా కళ్ళతో చూశాను కదా.

మా అమ్మాయి కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, తీసేద్దామే. ఇక్కడ రూల్ అంటే రూలే."

"తీసెయ్. దాంతోపాటు నా టికెట్టు కూడా తీసెయ్."

"ఒక చీర కోసం వెళ్ళిపోతావా?"

"చీర కోసం అని ఎవరు చెప్పారు? నేను వండింది దేవుడికి పెట్టి, అప్పుడు మీకు పెడతాను. సాక్సులతో కలిసి గిరగిరా తిరిగిన బట్ట కట్టుకుని ఆయన ముందు ఎలా నిలబడను?"

"ఆయనకి తెలుస్తుందా అమ్మా?"

"ఆయనకేమీ తెలియదనుకుంటే, పరీక్ష పాసవ్వాలని మొక్కుకున్నావే, ఎవరికి మొక్కుకున్నావు?"

డ్యూటీకి వెళ్ళే ముందు తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటుంది రోజూ. ఆ రోజు ఇస్త్రీ పెట్టె వేడెక్కుతూనే ఉంది, అది కోటు వంక చూస్తూ కూర్చుంది. కరెంటు దండగ అని అరుద్దామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను. మొండితనం నాకు మా అమ్మ దగ్గర్నించి వచ్చింది, దానికి నా దగ్గర్నించి వచ్చి ఉంటే బాగుండేది. దానికి వాళ్ళ నాన్న పోలిక.

సాయంత్రం మనవరాలు అడిగింది. "అమ్మమ్మా, నువ్వు వెళ్ళిపోతే అమ్మ జాబ్ మానేస్తుందా?"

"పాఠం చదువు."

"చదివేశా. మానేస్తుందా?"

"ముందు దండెం సంగతి తేలనీ."

మీటింగు ఒక హాల్లో. మడత కుర్చీలు వేశారు. సంఘానికి పెద్ద ఒక టై కట్టుకున్నాయన. చాలా మర్యాదగా నవ్వాడు. ఇక్కడివాళ్ళు కోపం వచ్చినకొద్దీ ఎక్కువ నవ్వుతారు, అది నేను అప్పటికే కనిపెట్టాను. ఆయన ఇళ్ళ ధరల గురించి మాట్లాడాడని అల్లుడు చెప్పాడు. నా చీర వల్ల వీధివీధంతా ధర పడిపోతుందట. ఆ నేతచీర అంత పని చేస్తుందని తెలిస్తే నేసినవాడు మురిసిపోయేవాడు.

అల్లుడు లేచి గిలకల గురించి, బరువు గురించి, తాడు ఎంత గట్టిదో దాని గురించి చెప్పాడు. అది ఎవరూ అడగలేదు. మా అమ్మాయి తల దించుకుని కూర్చుంది. అప్పుడు పక్కావిడ లేచి నిలబడింది. మనవరాలి జబ్బ పట్టుకుని దగ్గరికి లాగాను.

"ఏమంటోందే?"

"ఆ ట్రీ నాది అంటోంది."

"అదుగో, అనేసింది. ఇంకా?"

"నేనే కట్టుకోమన్నాను అంటోంది."

"ఎప్పుడు చెప్పింది?"

"చెప్పలేదు అమ్మమ్మా. షీ ఈజ్ లయింగ్."

"ఊరుకో, పెద్దవాళ్ళని అలా అనకూడదు."

ఆవిడ కూర్చోలేదు. ఇంకా చెప్పింది. ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు తనూ దండెం కట్టుకుందట. ఇలాగే కాగితం వస్తే తీసేసిందట, ఒంటరిదాన్ని ఎందుకు వచ్చిన గొడవ అని. అప్పటినించీ తన దుప్పట్లు ఎండవాసన ఎరగవట. ఆ తెర వెనక నించి ఆవిడ చూస్తున్నది నా తాడునా, తన దుప్పట్లనా! ఇక ముందు తనూ అదే తాడు మీద ఆరేసుకుంటానని, కావాలంటే ఇద్దరి మీదా కాగితాలు పంపమని చెప్పి కూర్చుంది.

టై పెద్దమనిషి ఇంకొంచెం నవ్వి, చేతులు ఎత్తమన్నాడు. మగవాళ్ళు పెళ్ళాల వంక చూశారు. పెళ్ళాలు ఎవరి వంకా చూడకుండా చేతులెత్తారు. ఇంటి వెనక మాత్రమే ఆరేయాలి, శని ఆదివారాలు కూడదు, సాయంత్రం ఆఫీసుల నించి జనం వచ్చేలోపల తీసేయాలి, మంచు పడ్డాక మళ్ళీ ఆలోచిద్దాం అని తీర్మానం. ఈ దేశంలో ఆడవాళ్ళకి ఓటు ఇవ్వడానికి ఎందుకు అంత ఆలస్యం చేశారో మనవరాలి పుస్తకంలో సరిగ్గా చెప్పలేదు. నాకు ఆ హాల్లో అర్థమయింది.

ఇంటికి వస్తూ దారిలో నేను నా మాట అప్పజెప్పాను. "సారీ" అన్నాను. ఆవిడకి ఎందుకో తెలియదు. భుజం తట్టబోయింది. నేను వెనక్కి తగ్గాను. అప్పుడు నేను మడిలో కూడా లేను, మామూలు చీరలో ఉన్నాను. అలవాటు.

మర్నాడు ఆవిడ బుట్టనిండా తడిదుప్పట్లతో వచ్చింది. అన్న మాట నిలబెట్టుకోవడం కూడా ఒక్కొక్కసారి ఎంత చిక్కు! ఒకే తాడు. ఆ కొసన ఆవిడ దుప్పట్లు, ఈ కొసన నా మడిచీర. గాలి వీస్తే రెండూ కలుసుకోవడానికి అరక్షణం చాలు. నేను చీర వైపు చూపించి "నో టచ్" అన్నాను. ఆవిడ నా వంకా, చీర వంకా చూసి, మనవరాలిని ఏదో అడిగింది. అది గబగబా చెప్పింది. ఆవిడ పకపకా నవ్వింది.

"ఏం చెప్పావే?"

"నువ్వు లంచ్ దాకా హోలీ, తర్వాత నార్మల్ అని చెప్పాను."

అంతకంటే బాగా పెద్దపండితులు కూడా చెప్పలేరు. కానీ ఆవిడ నవ్వడం ఆపి, క్లిప్పులు పెట్టుకుంటూ నెమ్మదిగా ఇంకేదో చెప్పింది. మనవరాలు వింటూ గడ్డి పీకుతోంది.

"ఏమిటట?"

"ఆంటీ చిన్నప్పుడు సౌత్‌లో ఉన్నారట. అక్కడ షాప్ దగ్గర రెండు ట్యాప్స్ ఉండేవట. ఒకటి ఆంటీ వాళ్ళు టచ్ చేయకూడదు. వాటర్ సేమ్ పైప్‌లోంచే వచ్చేదట."

"ఇది అలాంటిది కాదని చెప్పు. నేను మీ అమ్మనే ముట్టుకోను, మీ నాన్ననీ ముట్టుకోను. అందరికీ ఒకటే. అది అన్యాయం, ఇది పద్ధతి. చెప్పు."

చెప్పింది. ఆవిడ దుప్పటి అంచు సరిచేస్తూ ఒక్క ముక్క అంది.

"వాళ్ళు కూడా పద్ధతి అనే అనేవాళ్ళట అమ్మమ్మా."

కోపంగా అనలేదు ఆవిడ. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. మా ఊళ్ళో మా నూతి దగ్గర చేద ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు దూరంగా నిలబడి దోసిలి పట్టాలో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ చూడలేదు. అయినా తెలుసు. లోపలికి వెళ్ళి కూర తరిగాను. బెండకాయలు అనుకున్నదానికంటే సన్నగా వచ్చాయి.

అలా కొన్ని వారాలు గడిచాయి. తాడు మీద ఆవిడ బట్టలకీ నా చీరకీ మధ్య ఖాళీ వదిలేదాన్ని. ఆవిడా వదిలేది. ఆ ఖాళీలో పిచ్చుకలు కూర్చునేవి. మా అమ్మాయి కోటు ఇస్త్రీ చేసుకుని ఉద్యోగానికి వెళుతోంది కానీ, టికెట్టు మాట నేను వెనక్కి తీసుకోలేదు కనక, వెళ్ళేటప్పుడు ఒకసారి దండెం వంక చూసి వెళ్ళేది.

మనవరాలికి సంస్కరణల పాఠం ఎప్పుడో అయిపోయింది, బడికి వేసవి సెలవులు కూడా ఇచ్చారు. ఆ పాఠంలో నాకు నచ్చింది సారా సంగతి. అందరూ తాగి చెడిపోతున్నారని చట్టం చేసి మాన్పించారట. అది ఒక సంస్కరణ. తర్వాత చట్టం మార్చి మళ్ళీ తాగనిచ్చారట. అది ఇంకొక సంస్కరణ. రెండింటికీ మార్కులు ఉన్నాయట.

శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం పూజ చేసుకుంటానంది మా అమ్మాయి. ఈ దేశం వచ్చాక అదే మొదటిసారి, ఇన్నాళ్ళూ చదువుతోనే సరిపోయింది. నైవేద్యానికి మడి వంట నేను చేయాలి. గురువారం మధ్యాహ్నం చీర తడిపి, తాడు లాగి, చెట్టు దాకా పంపించి, వచ్చి నడుం వాల్చాను. పక్కావిడ దుప్పట్లు కూడా ఆరుతున్నాయి. నా రెండో మడిచీర పొద్దున్నే చిరిగి కుట్టుకి వెళ్ళింది. అంచేత ఉన్నది ఇదొక్కటే.

ఇక్కడి వాన మన వానలా చెప్పి రాదు. ఉరుము విని లేచి డెక్కు తలుపు దగ్గరికి పరుగెత్తేసరికి బయటంతా తెల్లగా గోడ కట్టినట్టు వాన. తాడు మీద దుప్పట్లు ఉన్నాయి, నీళ్ళు కారుతూ. నా చీర లేదు. ఎగిరిపోయింది అనుకున్నాను.

తలుపు కొట్టారు. మనవరాలు తీసింది. పక్కావిడ. తలమీంచి నీళ్ళు కారుతున్నాయి, బట్టలన్నీ ఒంటికి అంటుకుపోయాయి. పొట్టకి అదుముకుని ఒక పెద్ద ప్లాస్టిక్ సంచీ. అందులో నా చీర. పొడిగా ఉంది. మొదటి చినుకులకే పరుగెత్తి, తన దుప్పట్లు వదిలేసి చెట్టు వైపు నించి తాడు లాగి, ముందు నా చీర తీసింది. తీసి మడత పెట్టింది కూడా, నాలుగు కొసలూ కలిపి, చక్కగా.

నాకు ఇవ్వబోయి ఆవిడకి గుర్తొచ్చింది. చెయ్యి సగంలో ఆపేసింది. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసింది. సంచీని రెండు వేళ్ళతో, ఒంటికి దూరంగా, వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని, "సారీ" అంది.

నా మాట. ఆవిడ కోసమని నేను సిద్ధం చేసుకున్న ఒకే ఒక్క మాట తీసుకెళ్ళి ఆవిడ వాడింది. అదీ నా ఇంట్లో, నా చీర కాపాడి, చలికి వణుకుతూ.

మళ్ళీ తడిపి ఆరేయడానికి ఎండ లేదు. స్నానాలగది మాట సరేసరి. ఆ చీర పనికిరాదంటే రేపు మడి లేదు, వంట లేదు, మా అమ్మాయి పూజ లేదు. ఆ తర్వాత జరిగేది కూడా నాకు తెలుసు. నేను అన్న మాట నేను నిలబెట్టుకోవాలి కదా, టికెట్టు తీయమనాలి.

ముందుకి వెళ్ళి సంచీ ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి. తువ్వాలు తెమ్మని మనవరాలిని కేకేశాను.

ఆవిడ వెళ్ళాక మనవరాలు నన్నే చూస్తూ నిలబడింది.

"అమ్మమ్మా, ఆంటీ టచ్ చేశారు కదా?"

"నువ్వు చూశావా?"

"చూశా."

"దేవుడు చూశాడా?"

"ఐ డోంట్ నో."

"వాన పడుతోందిగా. ఆయన కిటికీలు మూసుకుని ఉంటాడు."

మర్నాడు ఆ చీరే కట్టుకున్నాను. ప్లాస్టిక్ వాసన కొంచెం, వాన వాసన కొంచెం. పులిహోర, పరవాన్నం, గారెలు చేశాను. గారెలు గుల్లగా వచ్చాయి. ఏ పిండి వంటా మాడలేదు, పాలు విరగలేదు, దీపం ఆరలేదు. నేను ఒక కన్ను వేసే ఉంచాను.

మా అమ్మాయి పూజ ముగించుకుని వచ్చి నా చీర వంక చూసింది. దానికి మనవరాలు అంతా చెప్పేసి ఉంటుంది, దాని నోట్లో నువ్వుగింజ నానదు.

"అమ్మా, టికెట్టు సంగతి..."

"ఏ టికెట్టు? వెళ్ళి కోటు ఇస్త్రీ చేసుకో, ఆలస్యమవుతుంది. అయ్యాక ఆ పెట్టె ఆపడం మరిచిపోకు."

ఒక్క రోజులో నేను మారిపోయానని ఎవరూ అనుకోకండి. తర్వాత కూడా మడి కట్టుకున్నాను, గొణిగాను, అందరినీ దూరంగా జరగమని అరిచాను. తాడు మీద ఖాళీ వదలడం మాత్రం మానేశాను. పిచ్చుకలు చెట్టు మీదికి మారాయి. మంచు పడ్డాక మళ్ళీ ఆలోచిస్తామన్న సంఘంవాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఆ శుక్రవారం పక్కావిడని పిలవమని మనవరాలిని పంపాను. వస్తే వాయనం శనగలు ఇచ్చి, వంటింట్లోనే, పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి పులిహోర వడ్డించాను. మిరపకాయ కొరికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అయినా మారు వడ్డించుకుంది. పూజ కోసం సెలవు పెట్టిన అల్లుడు వచ్చి గడప అవతల నిలబడ్డాడు. నేను వచ్చినప్పటినించీ మడి వేళ అతనికి ఆ గడపే సరిహద్దు. లోపల పొయ్యి పక్కన ఆవిడని చూశాడు, నన్ను చూశాడు.

"అత్తయ్యగారూ, మరి నేను కూడా లోపలికి రావచ్చా?"

"రండి" అన్నాను. "సాక్సులు విప్పి రండి."